నడుములో ఇత్తడి

నేను ఒక పూల్ క్యూను, బల్ల మీద బంతులు కొట్టే కర్రను. ఆ శుక్రవారం సాయంత్రం బందరు క్లబ్బులో హైమవతి నన్ను రెండు ముక్కలుగా విప్పినప్పుడు, పుట్టినప్పటి నుంచీ నా నడుములో ఉందని అందరూ అనుకున్న ఇత్తడి పిన్ను అసలు ఇత్తడే కాదని బయటపడింది.

మొదట ఆమె నమ్మలేదు. పిన్ను మర చుట్ల మీద ఒకచోట పసుపు రంగు లేచిపోయి కింద తెల్లగా మెరుస్తోంది. మరకేమోనని చున్నీ కొసతో తుడిచింది. గోటితో గీకింది. పసుపు ఇంకాస్త పొరలా లేచింది, తెలుపు ఇంకాస్త బయటికొచ్చింది. "ఇది ఉక్కు" అంది నెమ్మదిగా. పక్క బల్ల దగ్గర ఆడుతున్నవాళ్ళు ఆట ఆపేశారు.

నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. నా నడుములో ఏముందో నాకు తెలియదా? ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో కూడా తెలుసు. కానీ కర్రను సాక్ష్యానికి పిలిచే ఆచారం మనుషుల్లో లేదు. కాబట్టి వాళ్ళకు తెలిసిన వరుసలోనే మీకూ చెబుతాను. గుట్టు ముందే విప్పేసి, ఆనక మీ ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. చాలా బంతులు కొట్టాను. అలసిపోయాను.

నన్ను తయారు చేసింది సికింద్రాబాద్ మెట్టుగూడలో ఆల్ఫ్రెడ్ అనే ఆయన. రైల్వేలో పని మానేసి ఇంటి వరండాలో లేత్ మిషన్ పెట్టుకున్నాడు. నా ముందు ముక్క మేపుల్ చెక్క, వెనక ముక్క రోజ్‌వుడ్. మా జాతిలో మంచి కర్రలన్నీ రెండు ముక్కలే. సంచిలో పెట్టుకుని తిరగాలి కదా. వెనక ముక్కలో జిగురుతో పాతిన ఒక మరపిన్ను ఉంటుంది. ముందు ముక్కను దానికి బిగిస్తే కర్ర ఒకటవుతుంది. ఆల్ఫ్రెడ్ నాకు ఇత్తడి పిన్ను పెట్టాడు. ఆ ఇత్తడి ఎక్కడిదంటే, వాళ్ళావిడ మూలన పడేసిన పంపు స్టవ్వుది. బందరు వచ్చాక అదే ఇత్తడి డచ్చివాళ్ళ ఓడలోని గంటదయిపోయింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ క్లబ్బులో అందరూ అలాగే చెప్పుకుంటారు. ఓడ గంట అని తలుచుకుంటేనే వాళ్ళకు ఆట బాగా వస్తుంది. నేను అడ్డు చెప్పలేదు.

ఈ పిన్ను సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతా గొడవ మీకు అర్థం కాదు. బంతికి నా కొస తగిలిన క్షణంలో ఒక వణుకు పుడుతుంది. అది చెక్కలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి నడుము దాటి, నన్ను పట్టుకున్న చేతికి చేరుతుంది. దెబ్బ సరిగ్గా పడిందో లేదో ఆటగాడికి బంతి కన్నా ముందు చెప్పేది ఆ వణుకే. నడుములో ఇత్తడి ఉంటే అది మెత్తబడి వెళుతుంది, పెద్దవాళ్ళు పక్క గదిలో మాట్లాడుకుంటున్నట్టు. ఉక్కయితే చురుగ్గా, ఉన్నదున్నట్టు, కాస్త మోటుగా చేతికి తగులుతుంది, చప్పుడు కూడా ఠంగుమంటుంది. అల్యూమినియం తేలిక, అందులో వణుకు డొల్లగా మోగుతుంది. ఫైబర్ పిన్ను చెక్కలో చెక్కలా కలిసిపోయి తానున్నట్టే తెలియనివ్వదు.

ఇదంతా నిజమే. కానీ ఎంత నిజం? నా కొసకున్న తోలు బిళ్ళ, నా చెక్క ఎండిన తీరు, వీటి ముందు పిన్ను చేసే తేడా చిన్నది. మిగతాదంతా మనుషులు చెవులతోనూ కళ్ళతోనూ కలుపుకుంటారు. ఇత్తడిని చూస్తూ కొట్టినవాడికి ఇత్తడే వినపడుతుంది.

మొదట నన్ను కొన్నది ఒక ఎక్సైజు అధికారి. ఆయన నాతో ఆడింది తక్కువ. బీరువా కిందికి దొర్లిన మందుబిళ్ళలు లాగడానికి, దోమతెర కొక్కేనికి తగిలించడానికి బాగా పనికొచ్చాను. బందరు నుంచి బదిలీ అయినప్పుడు సామాన్ల లారీలో చోటు లేదని నన్ను క్లబ్బులో వదిలేసి వెళ్ళాడు. అక్కడే కోటిలింగం గారు నన్ను పట్టుకున్నారు.

చిలకలపూడిలో ఆయనకు గిల్టు నగల కార్ఖానా ఉంది. గాజులు, గొలుసులు, వంకీలు, అన్నీ ఇత్తడివీ రాగివే. తొట్లో ముంచి తీస్తే బంగారమనిపిస్తాయి. జిల్లాలో ఆయనంత మెత్తగా బంతి కొట్టేవాడు లేడు. ఆ మెత్తదనం నాది కూడా అని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చాలా ఏళ్ళు మేమిద్దరం ఒకళ్ళ మాట ఒకళ్ళం విన్నాం. దెబ్బ వేశాక ఆయన బంతి వైపు చూసేవారు కాదు. అది ఎటు పోతుందో ఆయన వేళ్ళకు అప్పటికే తెలిసిపోయేది.

మూడేళ్ళ కిందట నన్ను మేనకోడలు హైమవతికి ఇచ్చేశారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఆ పిల్ల పట్టుదల మనిషి. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, ఇక నువ్వాడు అన్నారు ఆయన. అయినా మధ్యాహ్నం పూట, క్లబ్బులో ఎవరూ లేనప్పుడు వచ్చి, నన్ను బీరువాలోంచి తీయించి ఒక్కరే కాసేపు ఆడేవారు. ఆ బీరువా తాళం మస్తాన్ దగ్గర ఉంటుంది.

మస్తాన్ క్లబ్బు మార్కరు. బల్లల మీది గుడ్డ దువ్వడం, బంతులు కడగడం, ఆటల్లో పాయింట్లు చెప్పడం, మా కొసల తోలు మార్చడం అతని పని. క్లబ్బు వెనక గదిలో భార్యతో ఉంటాడు. ఆ గది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగం పోతే పోయేది.

హైమవతి నోట్లోంచి ఉక్కు అన్న మాట వచ్చాక అందరి చూపూ ఎటు తిరిగిందో మీకు చెప్పక్కర్లేదు. కర్ర ఉండే బీరువా తాళం ఎవరి దగ్గర? జిగురు కరిగించి పిన్ను ఊడదీసే సామాను ఎవరి దగ్గర? ఓడ గంట ఇత్తడి కోసం ఏలూరు ఆటగాళ్ళు ఎన్నిసార్లు బేరమాడలేదు? పంపు స్టవ్వు ముక్క కోసం ఒక మనిషిని దొంగను చేయడానికి పావుగంట చాలింది.

"నేను ముట్టుకోలేదమ్మా" అన్నాడు మస్తాన్ హైమవతితో. ఆమెకు అతన్ని అనుమానించాలని లేదు. కానీ వచ్చే వారమే రాజమండ్రిలో రాష్ట్ర జట్టు ఎంపిక. కోపంలో ఒక మాట జారింది.

"తాళం మీ దగ్గరే ఉంటుంది కదా మస్తాన్ గారూ."

అది చాలు. క్లబ్బు సెక్రటరీ వకీలు సుందరరామయ్య గారు ఆ మాటను జారనివ్వకుండా పట్టుకున్నారు. ఆదివారం కమిటీ కూర్చుంటుందని, అప్పటిదాకా తాళం తనకివ్వాలని, తప్పు రుజువైతే గది కూడా ఖాళీ చేయాల్సి ఉంటుందని చెప్పారు. మస్తాన్ మొలతాడుకున్న తాళంచెవి తీసి బల్ల అంచు మీద పెట్టాడు. కోటిలింగం గారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. టీ గ్లాసు పెదవికి ఆనించి, దించి, మళ్ళీ ఆనించారు.

ఇక్కడ మనుషుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆ ఉక్కు నా నడుములోకి వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలల్లోనే హైమవతి జిల్లా పోటీ గెలిచింది. గెలిచిన రోజు నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఈ ఇత్తడి నాదమే వేరని నలుగురికీ చెప్పింది. నలుగురూ తలూపారు. అదే మనిషి, శుక్రవారం ఆ తెలుపు చూశాక, సరదాగా వేసే దెబ్బలు కూడా వేయలేకపోయింది. ఇనప గడ్డపార పట్టుకున్నట్టుంది అంది. శనివారం మొత్తం బంతులు పాకెట్ల నోటిదాకా వెళ్ళి తిరిగొచ్చాయి. నేను మారలేదు. ఆమెకు నా గురించి తెలిసింది, అంతే.

ఆదివారం పదకొండింటికి కమిటీ బల్ల చుట్టూ చేరింది. కాజూ పకోడీలొచ్చాయి. మస్తాన్ ఎప్పటిలాగే పళ్ళేలు అందించబోయి, ఆ రోజు తన స్థానం ఏమిటో గుర్తొచ్చి పక్కన నిలబడ్డాడు. అతని భార్య గుమ్మం అవతల తల మీద కొంగు కప్పుకుని ఉంది.

సుందరరామయ్య గారికి కేసంటే ఒక పద్ధతి. ముందు నష్టం రుజువు కావాలి, దొంగ తర్వాత అన్నారు. పిన్ను మారితే ఆట నిజంగా మారుతుందా? మారకపోతే నష్టం లేదు, నష్టం లేకపోతే శిక్ష ఉండదు, మందలించి వదిలేయొచ్చు. మారుతుందంటే మాత్రం ఆ మనిషిని ఉంచడం కుదరదు. ఒక మనిషి కాపురం ఒక మేకు మోసే వణుకు మీద నిలబడింది. దీనికోసం ఆయనే ఒక పరీక్ష పెట్టారు. ఆడేవాడి కళ్ళకు గంత, చెవుల్లో దూది. చేతికి ఏ కర్ర ఇచ్చారో చెప్పరు. బంతి కొట్టి, నడుములో ఏ లోహముందో చెప్పాలి. మూడు కర్రలు: ఉక్కుతో నేను, అల్యూమినియం పిన్ను ఉన్న క్లబ్బు కర్ర, ఫైబర్ పిన్ను ఉన్న ఆయన సొంత కర్ర.

ముందు ఆయనే నిలబడ్డారు. సొంత కర్ర చేతికిస్తే, ఇది నాసిరకం అల్యూమినియం, క్లబ్బు డబ్బు దండగ అన్నారు. ఎవరూ నవ్వలేదు, దగ్గారు. తర్వాత రొయ్యల చెరువుల అప్పలరాజు నన్ను పట్టుకుని చెక్కలో చెక్క, ఫైబరే అన్నాడు. కంటి డాక్టరు గారు రెండుసార్లు కొట్టి, రెండుసార్లూ రెండు రకాలు చెప్పి, దూది సరిగ్గా పెట్టలేదన్నారు. హైమవతి మాత్రం నన్ను పోల్చుకుంది. కానీ ఉక్కు అంటూనే ఆగి, అల్యూమినియమేమో అని గొణిగింది.

లెక్క ఎటూ తేలలేదు. అప్పుడు అప్పలరాజు, పెద్దాయన ఉండగా మనకెందుకండీ ఈ తంటా, ఆయన చేతికి తెలియనిది ఉందా అన్నాడు. అందరూ కిటికీ వైపు తిరిగారు.

కోటిలింగం గారు వెంటనే లేచారు. రెండు రోజులుగా ఆ పిలుపు కోసమే కాచుకున్నట్టు లేచారు. నన్నే ఇవ్వమని కూడా అన్నారు. "మా హైమ క్యూ సంగతే కదా తేలాల్సింది. దాంతోనే కొడతాను. తేడా ఉంటే చెబుతాను, లేకపోతే మస్తాన్ని వదిలేయండి."

ఆయన ఏం చేయబోతున్నారో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నాలో ఉన్నది ఉక్కని ఆయనకు తెలుసు. ఇత్తడి అని చెబుతారు. జిల్లాకు పెద్ద చెయ్యే పోల్చుకోలేకపోయిందంటే ఇక నష్టమేదీ, కేసేదీ? ఎవరి పేరూ బయటికి రాకుండా మస్తాన్ గది మస్తాన్‌కి మిగులుతుంది. మంచి ఉపాయమే.

కళ్ళకు తువ్వాలు కట్టారు. చెవుల్లో దూది కూరారు. సుందరరామయ్య గారు తెల్ల బంతిని బల్ల మీద పెట్టి, ఆయన ఎడమ చెయ్యిని దాని వెనక ఆనించి, నన్ను ఆ వేళ్ళ మీదికి చేర్చారు. కోటిలింగం గారు వంగారు. ఆ వంగడం పాతదే, చూడముచ్చటగా ఉంది. నన్ను వెనక్కి లాగుతూ ఊపిరి తీసుకున్నారు. అప్పుడు ఎడమ చెయ్యి గుడ్డ మీద కాస్త జరిగింది. చాలా కొద్దిగా, బొటనవేలి మందం. మామూలు చెయ్యయితే గుడ్డ ఒరుసుకోవడం తెలిసి సర్దుకుంటుంది. ఆ చెయ్యి సర్దుకోలేదు.

ఆయన నన్ను ముందుకు వదిలారు. నేను బంతి పక్కనుంచి గాలిలోకి వెళ్ళి ఆగాను. బంతి ఉన్నచోటే ఉంది. నాలో ఏ వణుకూ పుట్టలేదు. ఆయన చేతికి చేర్చడానికి నా దగ్గర ఏమీ లేదు.

కోటిలింగం గారు నిటారుగా నిలబడ్డారు. కాసేపు ఆలోచిస్తున్నట్టు తల పక్కకు వంచారు.

"ఇత్తడి," అన్నారు. "సందేహమే లేదు. పాత ఇత్తడిలాగే ఉంది."

పకోడీ నోట్లో పెట్టుకోబోయిన అప్పలరాజు చెయ్యి అక్కడే ఉండిపోయింది. దూది వల్ల కోటిలింగం గారికి ఆ నిశ్శబ్దం వినపడలేదు. మస్తానే వచ్చి చెవుల్లోంచి దూది తీశాడు. గంత జోలికి పోలేదు.

"బాగా తగిలింది కదా మస్తానూ?" అన్నారు ఆయన. తన మధ్యాహ్నపు ఆటల్లో ఆయన రోజూ అడిగే మాటే అది.

మస్తాన్ బంతిని చూశాడు. గుమ్మం దగ్గరున్న భార్యను చూశాడు. "తగిలింది సార్" అన్నాడు.

హైమవతి బల్ల చుట్టూ తిరిగి మేనమామ దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు పాఠం చెప్పే గొంతులా లేదు.

"మావయ్యా, బంతి కదల్లేదు. నువ్వు దాన్ని తాకనే లేదు."

ఆయన నన్ను వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఎంత గట్టిగా పట్టుకున్నారో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆ తర్వాత నా నడుములో ఏది మిగిలింది, రాజమండ్రిలో ఏమైంది, ఇవన్నీ నన్ను అడక్కండి. అవి ఆటల కబుర్లు, వాటికి వేరే మనుషులున్నారు. ఆ రోజు ఆ తువ్వాలు కట్టుతోనే ఆయన చెప్పిన మాటలు మాత్రం చెప్పి నేను ఆగిపోతాను.

"ఈ గంత తీయొద్దు మస్తానూ. మిమ్మల్ని చూస్తూ చెప్పలేను. ఇలా అయితే చెబుతాను. వేళ్ళు మొద్దుబారి మూడేళ్ళయింది, హైమా. కళ్ళ సంగతి అబద్ధం. షుగరన్నాడు డాక్టరు, ఆ పూత తొట్లో చేతులు నాని నాని కూడా అన్నాడు. ఇంట్లో చెప్పలేదు. గ్లాసు కాలుతోందో లేదో పెదవికి ఆనించి తెలుసుకుంటున్నా. అది పెద్ద బాధ కాదు. కర్ర నాతో మాట్లాడ్డం మానేసింది చూడు, అది తట్టుకోలేకపోయా. ఇత్తడి మెత్తగా చెబుతుంది, మెత్తగా చెబితే వినే చేతులు కావు ఇవి. ఉక్కయితే గట్టిగా చెబుతుంది కదా అనిపించింది. నువ్వు ట్రైనింగ్‌కి వెళ్ళిన వారం కర్ర ఇంటికి తీసుకెళ్ళా. బెజవాడ ఆటోనగర్లో ఉక్కు పిన్నుకు మర పట్టించా. నువ్వు చూస్తే ఒప్పుకోవని రాగి పూసి, దాని మీద ఇత్తడి రంగు పూత వేశా. ఒరుసుకునే చోట పూత నిలవదని రోజూ కొనేవాళ్ళకి నేనే చెబుతా. నా పని దగ్గరికి వచ్చేసరికి అది గుర్తు రాలేదు. ఉక్కు వేశాక మొదటి రోజు కొట్టగానే ఆ వణుకు మణికట్టు దాకా వచ్చిందే అమ్మాయ్. మస్తాన్ టీకి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది, ఈ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చా. ఓ నెల తెలిసింది. తర్వాత అదీ పోయింది. నీ ఇత్తడి ఇదిగో, ఈ జేబులోనే ఉంది. తిరిగి బిగించేద్దామని రోజూ తెచ్చుకుంటున్నా, బిగిస్తే నా ఆట అయిపోయినట్టేనని రోజూ తీసుకెళ్ళిపోతున్నా. తీసుకో. సుందరరామయ్య గారూ, తాళం మస్తాన్‌కి ఇచ్చేయండి. బంతి కదల్లేదని కళ్ళారా చూసి, తన గది పోతుందని తెలిసి, నా పరువు కోసం తగిలిందన్నాడు. అలాంటివాణ్ణి మీరు దొంగన్నారు. నేను కిటికీ దగ్గర కూర్చుని, టీ తాగుతూ, అననిచ్చాను."